మాస్టరు విసుక్కున్న రోజు

ఆ కుట్టు షెడ్డులో ఆయన్ని అందరూ మాస్టరనే పిలిచేవారు. కటింగ్ మాస్టరు. కోట్లు, యూనిఫారాలు కుట్టే చోట గుడ్డ మీద మొదటి కత్తెర వేసేవాడికి ఉండే గౌరవమే వేరు. కుట్టేవాళ్ళు తప్పు చేస్తే ఊడదీసి మళ్ళీ కుట్టొచ్చు. కట్ చేసేవాడు తప్పు చేస్తే ఆ గుడ్డ మిషన్ల దుమ్ము తుడవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అందుకని మాస్టరు సుద్దతో గీత గీసే ముందు బల్ల చుట్టూ తిరిగేవాడు, టేపు పెట్టి మళ్ళీ మళ్ళీ కొలిచేవాడు, కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. చూసేవాళ్ళకి ప్రాణం విసిగిపోయేది. తీరా కత్తెర పడ్డాక మాత్రం ఆయనంత ధీమా గల మనిషి ఇంకొకడు ఉండడు. ఒకసారి ఓ కోటు కాలరు ఒకవైపు వెడల్పుగా పడిపోయింది. ఆ కోటు తాలూకు పెద్దమనిషిని అద్దం ముందు నిలబెట్టి, భుజాల్లో హెచ్చుతగ్గులున్నవాళ్ళకి ఇలాగే కట్ చేయాలని నమ్మబలికాడు. పాపం ఆ పెద్దమనిషి అప్పటినుంచి తన భుజాలు సమానంగా లేవన్న దిగులుతో బతికాడు.

మాస్టరు భార్యది అదే షెడ్డులో కాజాల పని. కిటికీ పక్కన స్టూలు వేసుకుని చేత్తో కాజాలు కుట్టేది, గుండీలు వేసేది, మిగతావాళ్ళు తప్పుగా కుట్టినవి ఊడదీసేది. ఊడదీయడంలో ఆవిడ చెయ్యి చూసి తీరాలి. బ్లేడు మొనతో ఒక్కొక్క పోగే తెంపుకుంటూ, గుడ్డకి గాయం కాకుండా అతుకు విప్పేసేది. గంటల తరబడి తను కుట్టిందే ఊడదీయాల్సి వచ్చినా మొహం చిట్లించేది కాదు. "కుట్టిందల్లా ఉంచుకోవాలని రూలేం లేదుగా" అనేది.

వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ దిగులు ఏదో ఒక వయసులో వచ్చి, ఏదో ఒక వయసులో దానంతటదే పోయింది. పొద్దున్నే ఇద్దరూ కలిసి షెడ్డుకి వెళ్ళేవారు, సాయంత్రం కలిసి వచ్చేవారు. దారిపొడుగునా ఆయన సణిగేవాడు, ఆవిడ నవ్వేది.

షెడ్డుకి పోకర్ ఆట పట్టుకొచ్చింది మెకానిక్కు. మిషన్లు బాగుచేసే ఆ మనిషి వయసులో ఉండగా ఓడల్లో పనిచేశాడు. ఆయన రాకముందు మధ్యాహ్నం క్యారేజీలు కడుక్కున్నాక అందరూ తలో మూలా కునుకు తీసేవాళ్ళు. ఆయన వచ్చాక ఆ కునుకు కాస్తా ఎగిరిపోయింది. ఆట నేర్చుకోవడం సులువే. మనిషికి రెండేసి ముక్కలు పంచుతారు, ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. పందెం కాశాక బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తిరగేస్తారు. దాన్ని ఫ్లాప్ అంటారు. చేతిలో ఉన్నవీ బల్ల మీదవీ కలిసి జత పడాలి. ఆ తర్వాత ఇంకో ముక్క, ఆపైన ఆఖరి ముక్క. మధ్యలో ఎప్పుడైనా సరే ఇక నావల్ల కాదని ముక్కలు బోర్లా పడేసి తప్పుకోవచ్చు. అలా పడేసిన ముక్కలు తిరగేసి చూసే హక్కు ఎవరికీ లేదు. పందెం గుండీలతో. చొక్కా గుండీల మీద కోటు గుండీలు ఎక్కువ, వాటన్నిటి మీదా ఇత్తడి గుండీ ఎక్కువ. ఎవరైనా ఇత్తడి గుండీ బల్ల మీద పెట్టారంటే షెడ్డంతా లేచి నిలబడి చూసేది. గంట కొట్టగానే గుండీలన్నీ బుద్ధిగా వేటి డబ్బాల్లోకి అవి వెళ్ళిపోయేవి.

మాస్టరు చేతిలో ఆసూ రాజూ పడ్డాయంటే ఇక పట్టపగ్గాలు ఉండేవి కావు. అవి గొప్ప ముక్కలే, కాదనలేం. మొదట్లో అలాంటి చెయ్యి వస్తే పందెం పెంచాల్సిందేనని మెకానిక్కు కూడా అనేవాడు. చిక్కల్లా ఆ తర్వాతే. ఫ్లాప్‌లో నాలుగు, ఏడు, ఎనిమిది లాంటి చిల్లర ముక్కలు పడేవి. ఆసు లేదు, రాజు లేదు. తెలిసినవాళ్ళు అక్కడ కాస్త ఆగి, ఎదుటివాళ్ళ వాలకం చూసి, ఆసూ రాజూ అయినా సరే పడేస్తారు. మాస్టరు భార్య అలాగే పడేసేది, పడేసి టీ తాగేది. మాస్టరుకి మాత్రం అది చేతనయ్యేది కాదు. పందెం పెంచడమంటే ఆయన లెక్కలో గుడ్డ మీద కత్తెర వేసినట్టే. వేశాక వెనక్కి ఎలా తీసుకుంటాం? ఇంకా పెంచేవాడు.

అదీ ఒక పద్ధతేనని మెకానిక్కు ఒప్పుకునేవాడు. ముందు పెంచినవాడు ఫ్లాప్ కలిసిరాకపోయినా మళ్ళీ పెంచితే, వీడి దగ్గర నిజంగానే ఏదో ఉందని ఎదుటివాళ్ళు జడిసి తప్పుకుంటారు. కాకపోతే దానికి మొహం సహకరించాలి. మాస్టరు మొహం మహా ద్రోహి.

ఆ గుట్టు కనిపెట్టింది ఆయన భార్యే. ఒకరోజు అందరిముందూ చెప్పేసింది.

"మీ చేతిలో నిజంగా మంచి ముక్కలుంటే మీకు విసుగెక్కువండీ. పంచడం రాదంటారు, బల్ల ఊగుతోందంటారు, టీ చల్లారిపోయిందంటారు. ఏమీ లేనప్పుడు మాత్రం పెళ్ళికొడుకులా నిటారుగా కూర్చుని అందరినీ ఆప్యాయంగా పలకరిస్తారు."

షెడ్డంతా గొల్లుమంది. మాస్టరు ఉడుక్కున్నాడు గానీ, అది అక్షరాలా నిజం. మంచిది చేతికి వస్తే ఎక్కడ జారిపోతుందోనన్న భయం ఆయనకి విసుగు రూపంలో బయటికొచ్చేది. అది ఆటలోనే కాదు, ఇంట్లోనూ అంతే. మార్చుకోవాలని ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా ఆయన వల్ల కాలేదు. ఖాళీ చేత్తో పందెం పెంచినప్పుడల్లా ఆవిడ దారం కొరుకుతూ, తనూ అన్ని గుండీలు పెట్టి "చూపించండి" అనేది. ఆయన చూపించేవాడు. ఆవిడ గుండీలు దగ్గరికి లాక్కునేది. "ఇంటి దొంగతో ఆటేమిటయ్యా నాకు" అని ఆయన సణిగితే మెకానిక్కు పడీ పడీ నవ్వేవాడు.

ఆవిడకి తోడబుట్టినది ఒక్క అక్క. రైలెక్కి, దిగి, మళ్ళీ బస్సు పట్టుకుంటే వచ్చే రేవు పట్నంలో ఉండేది. వాళ్ళ తల్లి మంచాన పడ్డప్పుడు చాకిరీ అంతా అక్కే చేసింది. చెల్లెలు షెడ్డులో పని ఒత్తిడి అనుకుంటూ, రేపు ఎల్లుండి అనుకుంటూ, తల్లి పోయాక చేరింది. గుమ్మంలో నిలబడ్డ చెల్లెల్ని చూసి అక్క ఇంట్లోవాళ్ళతో "చుట్టాలొచ్చారు, కుర్చీ వేయండి" అంది. అంతే. ఇంకొక్క మాట అనలేదు. ఆ ఒక్క మాటతో అక్కచెల్లెళ్ళ మధ్య ఏళ్ళకేళ్ళు మాటల్లేకుండా పోయాయి. తప్పెవరిదంటే చెరిసగం అనాలి. భార్య ముందు ఆ మాట అనే ధైర్యం మాస్టరుకి లేదు.

ఆవిడకి జబ్బు చేసింది. రొమ్ములో గడ్డ. ఆపరేషన్ చేసిన డాక్టరు బయటికొచ్చి, మొత్తం తీసేశాం, ఇంత బాగా జరుగుతుందని మేమే అనుకోలేదు అంది. మాస్టరు ఆ రోజు ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, కిటికీలు ఎవరు తుడుస్తారు, ఈ గోడకి ఇదేం రంగు అని కనపడ్డవాళ్ళందరితో తగువు పెట్టుకున్నాడు. మత్తు వదిలాక ఆవిడ ఆ సణుగుడు వినే కళ్ళు తెరిచింది. ఇక భయం లేదని అప్పుడే అర్థమైందని ఆ తర్వాత చెప్పింది.

ఆపరేషన్ తర్వాత సూదిమందులు పెట్టారు. జుట్టంతా రాలిపోయింది. ఆవిడ తలకి గుడ్డ కట్టుకుని, ఇంట్లో కూర్చునే షెడ్డు కాజాలు కుట్టింది. ఆ మందుల వరస అయ్యాక మూడు పరీక్షలు చేశారు. ఫలితాలకి వెళ్ళే రోజు పొద్దున ఆవిడ మాస్టరు చొక్కా గుండీలు పెడుతూ ఆగింది.

"ఒక మాట. బాగోలేదని చెబితే నా దగ్గర దాచకండి. తిన్నగా అక్క దగ్గరికి తీసుకెళ్ళండి. గుమ్మంలోనే నిలబెట్టి తిట్టినా సరే, తిట్లన్నీ తిని వస్తాను."

"బాగుందంటే?"

"జుట్టు వచ్చాక వెళ్తాను. నా కాళ్ళ మీద నేను నడిచి వెళ్తాను. ఈ గుండుతో వెళ్తే అక్క జాలిపడి మాట్లాడుతుంది. ఉన్న కోపం ఉన్నట్టు తీరాలి గానీ, జాలితో నాకు అక్కర్లేదు."

"సరే."

"సరే కాదు. మాటివ్వండి."

మాటిచ్చాడు.

ఆసుపత్రిలో ఆవిడని వరండా బెంచీ మీద కూర్చోబెట్టి మాస్టరు ఒక్కడే డాక్టరు గదిలోకి వెళ్ళాడు. నడవలేననీ, మీరే విని రండనీ ఆవిడే పంపింది. డాక్టరు చిన్నావిడ, మర్యాదస్తురాలు. కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పింది.

"ఆపరేషన్ బాగా జరిగిందండీ, అందులో సందేహం లేదు. కానీ మళ్ళీ వచ్చింది. కాలేయంలో ఉంది. ఎముకల్లోకీ వెళ్ళింది. రక్తపరీక్ష కూడా అదే చెబుతోంది."

మూడూ అంతే. ఒక్కటంటే ఒక్కటి కలిసిరాలేదు.

"ఇంకేం లేదా అమ్మా?"

"ఇంకో మందు ఉంది. అది పనిచేయకపోతే మరొకటి. ఇచ్చి చూద్దాం. కానీ ఆశ పెట్టుకోమని నేను చెప్పలేను." ఫైలు మూసి అడిగింది. "ఆవిడతో నేను చెప్పనా, మీరు చెబుతారా?"

"నేను చెబుతాను."

గది బయట గోడకి ఆనుకుని మాస్టరు నిలబడ్డాడు. చెప్పాలనే అనుకున్నాడు. మాటిచ్చాడు కూడా. కానీ బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఇంకా రెండు మందులున్నాయి. ఇంకా రెండు ముక్కలు తిరగేయాల్సి ఉంది. ఇంత బాగా మొదలైనదాన్ని ఇప్పుడే పడేస్తామా? ఇప్పుడు చెబితే ఆవిడ ఆశ వదిలేస్తుంది, ఆశ వదిలేసిన మనిషికి మందేం పనిచేస్తుంది? రెండిట్లో ఏదో ఒకటి పనిచేశాక చెప్పొచ్చు, అప్పుడు ఇద్దరూ నవ్వుకోవచ్చు. వరండా మలుపు తిరిగాడు. అంత దూరంనుంచే ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని ఆయన మొహం వంకే చూస్తోంది. చదవడం అప్పుడే మొదలుపెట్టేసింది. నిటారుగా నడిచి వెళ్ళి తియ్యగా ఒక్క మాట మాట్లాడితే చాలు, ఆయన దగ్గర ఏమీ లేదని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

మాస్టరు విసుక్కున్నాడు.

"ఏం ఆసుపత్రో ఏం మనుషులో. పొద్దున్నుంచి కూర్చోబెట్టి రెండు మాటల్లో పంపేసింది. మళ్ళీ మందులట. మళ్ళీ రావాలట. నాకు పనీపాటా లేదనుకుంటోంది కాబోలు. ఆ లోపల కుర్చీ ఒకటి, నడుం విరిగిపోయింది."

"ఇంతకీ ఏమందండీ?"

"ఏమంటుంది. బాగానే ఉందట. బాగున్న మనిషిని ఇన్నిసార్లు తిప్పడమెందుకో అది మాత్రం చెప్పదు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన మందుల కిటికీ ముందున్న వరస వైపు మిటకరించి చూస్తూ, ఆ వరసేమిటి, ఆ తోపులాటేమిటి అంటూ ఇంకా సణుగుతూనే ఉన్నాడు. ఆవిడ భుజాలు జారాయి. రెండు చేతులతో మొహం కప్పుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత నవ్వింది.

"పదండి, టీ తాగిస్తాను. మీ సణుగుడు వింటే ప్రాణం లేచొచ్చింది."

అన్నేళ్ళ ఆటలో మాస్టరు ఖాళీ చేత్తో ఆవిడ మీద గెలిచింది ఆ ఒక్కసారే. బయట టీ కొట్టు దగ్గర ఆవిడ ఊదుకుంటూ టీ తాగుతుంటే ఆయన తన గ్లాసు అలాగే బల్ల మీద వదిలేశాడు.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరు పక్కకి పిలిచి, చెప్పారా అని అడిగింది. చెప్పానన్నాడు. "ఆ మాట ఎత్తకండమ్మా, తట్టుకోలేదు" అన్నాడు. ఎత్తలేదు. భార్యా అడగలేదు. అడగడానికేముంది, ఆవిడకి కావలసిన జవాబు వరండాలోనే దొరికిపోయింది.

ఫలితాలు విన్న వారమే ఆవిడ అక్కకి ఫోన్ చేసింది. మాస్టరు గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

"అక్కా, నేనే." అవతల ఏమన్నదో, ఈవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆపరేషన్ అయింది. ఇప్పుడు తగ్గిపోయిందట... వద్దొద్దు, నువ్వు రావద్దు. నేనే వస్తాను. కాస్త ఓపిక రానీ."

అప్పటినుంచి అక్కచెల్లెళ్ళు ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఆ మాటలు మొదలవగానే మాస్టరు చెప్పులేసుకుని వీధి చివరికి వెళ్ళిపోయేవాడు.

చెప్పడానికి ఆయనకి సందులు దొరకలేదని కాదు. ఒక సాయంత్రం ఆవిడ మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేక కింద పెట్టేసింది. ఆయన నోరు తెరిచాడు. ఈలోపు ఆవిడే, "ఈ మందుకి మహా నీరసంగా ఉందండీ, వానలు తగ్గుముఖం పట్టేసరికి తేరుకుంటాను" అంది. ఆయన నోట్లోంచి "ఆ డాక్టరుకి మోతాదు తెలిస్తేగా" అన్న విసుగే వచ్చింది. మొదటి అబద్ధాన్ని నిలబెట్టడానికి రెండోది, రెండోదానికి మూడోది. మొదటి మందు పనిచేయలేదు. రెండోదీ పనిచేయలేదు. అప్పటికి ఆవిడ రైల్లో కూర్చుని ప్రయాణం చేసే స్థితిలో లేదు. పోనీ అక్కనే రమ్మందామా అనుకున్నాడు. రమ్మంటే ఎందుకు రమ్మన్నాడో భార్యకి తెలిసిపోతుంది. రేపు చేద్దాం ఫోన్, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ ఉండగానే ఓ మధ్యాహ్నం ఆవిడకి జ్వరం తగిలింది. సాయంత్రానికి ఆసుపత్రిలో చేర్చారు. ఆపైన ఆవిడ మళ్ళీ తెలివిలోకి రాలేదు.

మాస్టరుకి ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు గుండె రాయి చేసుకున్నాడన్నారు. రాయీ లేదు, రప్పా లేదు. ఆయన ఒక్క ఆలోచనని ఊతకర్రలా పట్టుకుని నిలబడ్డాడు, అంతే. ఆవిడకి తెలిసే ఉంటుంది. నా మొహం చదవడం ఆవిడకి కొత్తా? వరండాలోనే కనిపెట్టేసి ఉంటుంది. నేను చెప్పలేకపోతున్నానని నా కోసం నమ్మినట్టు ఊరుకుని ఉంటుంది. రోజంతా ఇదే అనుకునేవాడు. షెడ్డునుంచి చూడటానికొచ్చిన మెకానిక్కుని ఉన్నట్టుండి అడిగాడు.

"ఎదుటివాళ్ళు పడేసిన ముక్కలేంటో తెలుసుకునే దారేదైనా ఉందా?"

మెకానిక్కు బిత్తరపోయి చూశాడు. "ఎక్కడుంది మాస్టరూ. వాళ్ళంతట వాళ్ళు ఎవరికైనా చెప్పుకుంటే తప్ప."

అక్క వచ్చింది. అచ్చం చెల్లెలి నడకే, మనిషి కాస్త లావు. ఎవరినీ పట్టుకుని ఏడవలేదు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక, వంటింట్లో బోర్లించిన గిన్నెలు సర్దుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"బాగుందని చెప్పారటగా. ఇంతలో ఏమైంది?"

మాస్టరు గుమ్మానికి ఆనుకుని అంతా చెప్పాడు. మాటిచ్చిన సంగతీ, మూడు పరీక్షల సంగతీ, వరండాలో విసుక్కున్న సంగతీ. ఒక్కటీ దాచలేదు. చెప్పడం అయ్యాక ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టి, అక్కడే పీట మీద కూర్చుంది. ఆయన మెల్లిగా అన్నాడు.

"దానికి తెలుసు వదినా. నన్ను ఇన్నేళ్ళు చూసింది. తెలిసే ఊరుకుంది. నీతో ఏమైనా అని ఉంటుంది."

అక్క తలెత్తి ఆయన మొహం వంక చూసింది. ఔనంటే ఆయన బతికిపోతాడని ఆవిడకీ అర్థమైనట్టే ఉంది. అయినా ఆవిడకి అబద్ధాలాడే అలవాటు లేదు.

"లేదు బాబూ. నేనూ అడిగాను. డాక్టర్లు ఏదో ఒకటి చెబుతారే, నిజంగా తగ్గిందా అని. నవ్వింది. డాక్టరు మాట కాదక్కా, ఆయన మొహం చూశాను అంది. నిజంగా బాగుంటే తప్ప ఆయన అంతలా విసుక్కోడు అంది." ఆవిడ పక్కనున్న గిన్నెని బోర్లించింది. "మేడ మీద గది ఖాళీ చేయించమంది. మెట్లెన్ని ఉన్నాయో అడిగింది. నెలరోజులుంటానంది. తెలిసిన మనిషి మాట్లాడే మాటలు కావవి."

మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వదినే మళ్ళీ అంది.

"నీ మీద నాకు కోపం రావట్లేదనుకోకు. వస్తోంది. కానీ ఇన్నాళ్ళూ అది ఫోన్లో చిన్నప్పటిలా నవ్వింది. ఆ నవ్వు దేని మీద నిలబడిందో ఇప్పుడు తెలిసింది. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తోచట్లేదు."

"ఆ రోజు చెప్పుంటే వచ్చేదా వదినా?"

"ఆ సాయంత్రం బండికే వచ్చేది."

"నువ్వు రానిచ్చేదానివా?"

"నేనే స్టేషన్‌కి వెళ్ళుండేదాన్ని" అంది ఆవిడ.

మాస్టరు గుమ్మం పట్టుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చున్నాడు. భార్య పోయినప్పటినుంచీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. వదిన ఆయన్ని ఊరుకోమనలేదు, ఓదార్చనూ లేదు. పీట ఇంకాస్త గోడ వైపు జరుపుకుని, ఆయన ఏడ్చినంతసేపూ అక్కడే కూర్చుంది.